బెంగళూరు చుట్టూ పొలాలు ఎందుకు మారిపోయాయంటే, నా మాట ఇది

సాగుభూమి వాడకం కాలం గడిచేకొద్దీ ఎందుకు మారుతుంది, బెంగళూరు చుట్టుపక్కల చేలన్నీ లేఔట్లు ఎందుకయ్యాయి అని అడిగారు. అందరూ సాఫ్ట్‌వేర్, ఎయిర్‌పోర్టు, రియల్ ఎస్టేట్ అనే చెబుతారు. మాది హోసకోట వైపు తెలుగు మాట్లాడే రైతు కుటుంబం, ఇప్పుడుండేది కృష్ణరాజపురంలో. నన్నడిగితే, చేలోకి దిగే మనిషి దొరకని నాడే చేను సగం పోయింది. బ్రోకర్లు వచ్చింది మిగతా సగానికి.

నా చిన్నతనంలో కళ్ళం అలికి, ఎద్దులకి రాతి గుండు కట్టి రాగులు నూర్చేవాళ్ళు. తర్వాత కూలీలు ఇటుక బట్టీలకీ ఫ్యాక్టరీలకీ పోయారు, మా ఎద్దులు సంతకి పోయాయి. నాన్న కోసిన రాగిని తెచ్చి తారురోడ్డు మీద పరిచేవాడు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే గింజ రాలేది. బండ్ల రాక తగ్గినప్పుడల్లా పరుగెత్తి గడ్డి తిరగేయడం, గింజని చీపురుతో పక్కకి ఊడ్వడం నా పని. ఒకరోజు ఆ గడ్డి మీద బైకు జారి ఒకాయన పడ్డాడు. నాన్నని నోటికొచ్చినట్టు తిట్టాడు. నాన్న మారు మాట్లాడకుండా ఆయన్ని లేపి, మోకాలు కడిగి పంపించాడు. ఆ ఏడు రాగుల్లో అన్నీ ఇసుక, కంకర పలుకులే. అమ్మ ఎంత జల్లించినా సంగటి పంటికింద కరకరమనేది. "ఇంక నావల్ల కాదు, అందరిలాగే మనమూ నీలగిరి పెట్టేద్దాం" అంది. తర్వాతి వానలకి పై చేలో నీలగిరి (యూకలిప్టస్) మొక్కలు పెట్టేశాం.

(ఇప్పుడు మిల్లెట్స్ అంటూ రాగుల కోసం ఎగబడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో రాగులు పండించేవాడికి పిల్లనివ్వడానికే వెనకాడేవాళ్ళు.)

నీలగిరిని 1980లలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన సామాజిక వనాల పథకం తెచ్చి నెత్తిన రుద్దిందంటారు. మొక్కలిచ్చిన మాట నిజమే. కానీ కోలారు, బెంగళూరు జిల్లాల రైతులు రాగి చేలల్లోనే వాటిని ఎందుకు నాటారు? కలుపు తీయక్కర్లేదు, గొడ్లు ముట్టవు, కాపలా అక్కర్లేదు. నాలుగైదేళ్ళకి నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. నాటేసి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకోవచ్చు. నీళ్ళు పీల్చేస్తోందని 2017లో కర్ణాటక ప్రభుత్వం నీలగిరి సాగు వద్దంది, కానీ అప్పటికి పొలం పని చేసేవాళ్ళెవరూ ఊళ్ళో లేరు.

వ్యవసాయేతర ఆదాయం ఏడాదికి ఇంతకు మించినవాళ్ళు పొలం కొనకూడదన్న పరిమితిని 2015లో 25 లక్షలకి పెంచారు, 2020లో ఆ అడ్డే ఎత్తేశారు. చట్టం దారి ఇచ్చింది, కాదనను. అయితే మా ఊళ్ళో చాలామంది అమ్మింది రాగి చేలు కావు, నీలగిరి తోపులు. అదే దేవనహళ్ళి వైపు చూడండి. 1,777 ఎకరాలు తీసుకుంటామని సర్కారు అంటే, రైతులు ఏళ్ళ తరబడి ధర్నా చేసి 2025 జూలైలో ఆ ప్రతిపాదన విరమింపజేశారు. అక్కడివి ద్రాక్ష, పూలు, కూరగాయలు, రోజూ మనిషి చేయి పడాల్సిన పంటలు. ఇంతకన్నా సాక్ష్యం నాకక్కర్లేదు.

ఇప్పుడేమో వీకెండ్ ఫార్మ్ కొనమని ఫోన్లు. పావెకరం, నాలుగు మామిడి చెట్లు, ఒక స్విమ్మింగ్ పూల్. మొన్న ఒకతను అమ్మజూపింది మా ఊరి పక్క నీలగిరి తోపునే. "మీరేం చేయక్కర్లేదు సార్, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నాడు. మరి కలుపు ఎవరు తీస్తారయ్యా అంటే, "మందు కొట్టేస్తాం సార్" అన్నాడు. వాట్సాప్‌లో పంపిన బ్రోచర్ మీద మాత్రం పెద్దక్షరాలతో ఆర్గానిక్ అని ఉంది.