బల్గేరియా రాజు, జెస్యూట్ల బడి నాటకం

ప్రశ్న: 17, 18 శతాబ్దాల్లో ఐరోపాలోని జెస్యూట్ (యేసు సభ అనే కాథలిక్ సన్యాసుల సంఘం) పాఠశాలల్లో ‘ట్రెబెల్లియస్’ అనే బల్గేరియా రాజు కథను విద్యార్థుల చేత నాటకంగా ఆడించేవారని చదివాను. క్రైస్తవం స్వీకరించి, రాజ్యం వదిలి, మఠంలో చేరిన రాజుగా ఆయనను చూపారట. చరిత్ర పుస్తకాల్లో ఈ పని చేసినవాడు బోరిస్. మరి ఆ నాటకాల్లో ఉన్నది ఎవరి కథ? వాటిని నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: పేరు ఒకరిది, కథ మరొకరిది. ట్రెబెల్లియస్ అంటే 8వ శతాబ్ది ఆరంభంలో పాలించిన తెర్వెల్. పదవి కోల్పోయిన బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్, రాజధానిగా గల తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి రెండో జస్టీనియన్‌కు 705లో తిరిగి సింహాసనం దక్కడానికి తోడ్పడినవాడు, 717–718లో కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించిన అరబ్బు సేనలపై పోరాడినవాడు ఆయనే. క్రైస్తవాన్ని రాజ్యమతం చేసినవాడు మాత్రం ఆయన తరువాత సుమారు నూట యాభై ఏళ్లకు, 864 ప్రాంతంలో జ్ఞానస్నానం పొందిన బోరిస్. పాశ్చాత్య గ్రంథాల్లో వీరిద్దరూ ఒక్కరైపోయారు. పాఠశాలల్లో నాటకాలు రాసిన గురువులు ఆ గ్రంథాలనే ఆధారం చేసుకున్నారు.

ఆ కథలోని అసలు ఘట్టం 10వ శతాబ్ది ఆరంభంలో రచన చేసిన జర్మన్ మఠాధిపతి, ప్రూమ్ రెగినో చరిత్రలో ఉంది. రాజు పెద్దకొడుకుకు పట్టం కట్టి మఠంలో చేరతాడు. కొడుకు దోపిడీలకు, విందులకు అలవాటుపడి ప్రజలను పాత మతంలోకి మళ్లించబోతాడు. అది విన్న తండ్రి సన్యాసి వస్త్రం విప్పి, కత్తి కట్టి, కొడుకును పట్టుకుని కళ్లు తీయించి, చెరలో వేస్తాడు. ఆపై సభ తీర్చి చిన్నకొడుకును సింహాసనం మీద కూర్చోబెట్టి, సన్మార్గం తప్పితే నీకూ ఇదే గతి అని హెచ్చరించి, మళ్లీ మఠానికి వెళ్లిపోతాడు. ఇందులో స్థూలమైన సంగతులు చరిత్రకు సరిపోతాయి: బోరిస్ 889లో గద్దె దిగడం, 893లో తిరిగి వచ్చి పెద్దకొడుకు వ్లాదిమిర్‌ను తొలగించి చిన్నకొడుకు సిమియోన్‌ను రాజు చేయడం జరిగినవే.

గురువులను ఈ కథే ఎందుకు ఆకర్షించిందో వారి విద్యా నియమావళిని చూస్తే తెలుస్తుంది. మన విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను నడుపుతున్న యేసు సభే 1599లో తన పాఠశాలలన్నిటికీ ఆ నియమావళిని ఏర్పరచింది. నాటకం లాటిన్‌లోనే ఉండాలి, విషయం పవిత్రంగా ఉండాలి, స్త్రీ పాత్రగాని స్త్రీ వేషంగాని ఉండకూడదు అని అందులో ఉంది. ఆచరణలో ఈ నిబంధన పలుచోట్ల సడలినా, తండ్రి, ఇద్దరు కొడుకులు, సభాసదులతోనే నడిచే కథ మగపిల్లల బడికి సరిగ్గా అమరుతుంది. బైజాంటైన్ చరిత్రకారుల కథనంలో బోరిస్‌కు క్రైస్తవాన్ని పరిచయం చేసేది కాన్‌స్టాంటినోపుల్‌లో బందీగా ఉండి తిరిగొచ్చిన ఆయన చెల్లెలు. ఆమెకు చోటు లేని వేదికకు రెగినో కథ ఎంతో అనుకూలం. పైగా ప్రేక్షకుల్లో తల్లిదండ్రులు, ఊరి పెద్దలు ఉండేవారు. లాటిన్ రానివారి కోసం కథాసారాన్ని స్థానిక భాషలో కూడా అచ్చువేసి పంచేవారు. చాలా నాటకాల విషయంలో నేడు మనకు మిగిలినవి ఆ కరపత్రాలే.

అయితే తండ్రీకొడుకుల కథగా మాత్రమే చూస్తే చరిత్రలో ముఖ్యమైన భాగం మరుగున పడుతుంది. బోరిస్ భక్తుడే కాదు, రోమ్‌కూ కాన్‌స్టాంటినోపుల్‌కూ మధ్య తన రాజ్యానికి స్వతంత్రమైన చర్చి సాధించాలని పట్టుబట్టిన రాజనీతిజ్ఞుడు. 866లో ఆయన పంపిన ప్రశ్నలకు పోప్ మొదటి నికొలస్ 106 సమాధానాలు రాశాడు. కోరిన మతాధిపతిని రోమ్ ఇవ్వకపోవడంతో 870లో బోరిస్ కాన్‌స్టాంటినోపుల్‌కు చెందిన తూర్పు చర్చి వైపే మొగ్గాడు. కొత్త మతానికి ఎదురు తిరిగిన 52 మంది ప్రభువులను కుటుంబాలతో సహా చంపించాడు కూడా.

కనుక ఈ నాటకాలను 9వ శతాబ్ది బల్గేరియాకు సాక్ష్యంగా తీసుకోలేము. జెస్యూట్ గురువులు రాజధర్మాన్ని ఎలా బోధించారో తెలుసుకోవడానికి మాత్రం ఇవి విలువైన ఆధారాలు. ఆ పేర్ల కలగలుపు పాశ్చాత్య వేదికలతో ఆగలేదు. 1762లో హిలెందర్ మఠ సన్యాసి పైసీ తన ప్రజల కోసం రాసిన బల్గేరియా చరిత్రలోనూ సన్యసించిన పుణ్యరాజుగా కనిపించేది తెర్వెలే.