సైన్యంలో బాంబులు పసిగట్టే కుక్కల జీవితం ఎలా ఉంటుంది? రిటైరయ్యాక వాటిని చంపేస్తారంటారు, నిజమేనా?

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెప్పేస్తాను. ఒకప్పుడు చంపేవారు, ఇప్పుడు చంపడం లేదు.

నేను కుక్కల హ్యాండ్లర్‌ను కాదు, పదాతిదళం వాణ్ణి. కశ్మీర్‌లో రోడ్ ఓపెనింగ్ పార్టీలో కుక్క వెనుక నడిచినవాళ్లలో ఒకణ్ణి. తెల్లవారాక, కాన్వాయ్‌లు కదలకముందే రోడ్డునూ కల్వర్టులనూ జల్లెడ పట్టాలి. అందరికంటే ముందు కుక్క, దాని తాడు పట్టుకుని హ్యాండ్లర్, ఆ తర్వాతే తుపాకులతో మేము.

మాకు పంపింది ఆడ లాబ్రడార్‌ను. పేలుడు పదార్థం వాసన తగిలితే అది మొరగదు, నేల గీకదు. గీకితే పేలిపోవచ్చు కదా! ఉన్నచోటే కూర్చుని హ్యాండ్లర్ ముఖంలోకి చూస్తుంది. అలా కూర్చోకముందే దాని ఒళ్లు సంగతి చెప్పేస్తుంది. తోక ఊపు మారుతుంది, దాటి వెళ్లిన చోటికే మళ్లీ తిరిగి వస్తుంది, ముక్కు నేలకు అంటుకుపోతుంది. అదంతా హ్యాండ్లర్‌కు అర్థమవుతుంది, మా కంటికి మాత్రం మామూలు కుక్కే. అందుకే దాన్ని ఊరికే ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చరు. కుక్క ఎంత గొప్పదైనా, దాన్ని చదవగలిగే మనిషి లేకపోతే సగం పని వృథా.

అది ప్రాణాలకు తెగించి పనిచేస్తుందని పేపర్లు రాస్తాయి. పాపం, దానికి ప్రమాదమన్న సంగతే తెలియదు. దానికి తెలిసింది బంతి. ఆర్‌డీఎక్స్, టీఎన్‌టీ, అమ్మోనియం నైట్రేట్ లాంటి వాటి వాసన పట్టి కూర్చుంటే బంతి దొరుకుతుందని శిక్షణలో నేర్పుతారు. మరి ఏమీ దొరకని రోజుల మాట? అలాంటి రోజులే ఎక్కువ. వెతికి వెతికి ఏమీ దొరక్కపోతే కుక్కకు ఆసక్తి చచ్చిపోతుంది. అందుకని హ్యాండ్లర్ ముందే శిక్షణకు వాడే పేలుడు పదార్థం నమూనా ఒకటి ఎక్కడో రాళ్ల కింద దాచి ఉంచేవాడు. అది కనిపెట్టి కూర్చోవడం, బంతి ఎగరడం, ఈ మహాతల్లి గంతులు. వెనుక మాకు చెమటలు, ముందు దానికి పండగ.

ఎండ ముదిరితే పని ఆపేస్తారు. నాలుక వేలాడేసి రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు. త్వరగా కానివ్వమని మా వాళ్లు తొందరపెట్టినా హ్యాండ్లర్ కదిలేవాడు కాదు. నీళ్లు పట్టి, నీడన కూర్చోబెట్టి, పాదాల మధ్య ముళ్లున్నాయేమో వేళ్లతో తడిమి చూసేవాడు. ఆ విషయంలో ఆఫీసర్లు కూడా అతని మాటే వినేవారు.

ఈ కుక్కలు సైన్యంలో జంతువులను చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్ కిందకు వస్తాయి. వాటి బడి మీరట్‌లో ఉంది. వార్తల్లోకి ఎక్కేవి ఎక్కువగా ఉగ్రవాదుల మీదికి దూకే దాడి కుక్కలు. 2022 అక్టోబరులో అనంతనాగ్‌లో తూటాలు తగిలి చనిపోయిన జూమ్ అలాంటిదే. బాంబులు పసిగట్టేవాటి పేర్లు బయటకు రావడం అరుదు. 2019 సెప్టెంబరులో డచ్ అనే తొమ్మిదేళ్ల బాంబు కుక్క చనిపోయినప్పుడు సైన్యం తూర్పు కమాండ్ నివాళులు అర్పించింది, అది అలాంటి అరుదైన సందర్భం.

ఇక రిటైర్మెంట్. పనికి రాని కుక్కలకు ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీసేవారని 2015లో సమాచార హక్కు దరఖాస్తుతో బయటపడింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక ప్రభుత్వం విధానం మార్చుకుంది. సైనిక స్థావరాల ఆనుపానులు వాటికి తెలుసన్నది చంపడానికి అప్పట్లో చెప్పిన కారణాల్లో ఒకటి. నాకది ఎన్నడూ మింగుడు పడలేదు. ఇప్పుడు నయం కాని జబ్బుంటే తప్ప ఆ పని చేయడం లేదు. పెంచుకుంటామని ముందుకొచ్చిన పౌరులకు ఇస్తున్నారు.

మీరు తెచ్చుకోవాలనుకుంటే రెండు మాటలు. వచ్చేది ముసలి కుక్క, కీళ్ల నొప్పులుంటాయి, డాక్టరు ఖర్చు తప్పదు. రెండోది, బాంబు కుక్కను కాపలాకు నమ్ముకోకండి. జనం మధ్య పనిచేయాలి కాబట్టి మనుషుల మీద కోపం లేనివాటినే ఎంచుతారు. దొంగ బంతి విసిరితే తోక ఊపుకుంటూ తెచ్చి అతని చేతికే ఇస్తుంది.