హైదరాబాద్ నుంచి విదేశీ ఆయుధ వ్యాపార వ్యతిరేక బృందాలతో కలిసి పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి చిన్న బృందంగా ఏర్పడ్డారు, ఆయుధ ఎగుమతుల మీద పోరాడే యూరప్ సంస్థలతో కలిసి ఏదైనా చేయాలనుంది, కానీ ఆన్‌లైన్ సంతకాలు తప్ప దారి కనిపించడం లేదు.

సంతకాలు పక్కన పెట్టండి. ఇక్కడి నుంచి మీరు ఇవ్వగలిగింది, అక్కడివాళ్లకు సులువుగా దొరకనిది ఒకటే: కాగితం. ఏ వస్తువు, ఎవరు చేశారు, ఎవరికి పోతోంది, ఏ దారిన పోతోంది. దాన్ని ఆపే పని మాత్రం చాలాసార్లు ఇక్కడ జరగదు. ఏ దేశ చట్టంలో పట్టు దొరికితే అక్కడ జరుగుతుంది.

ఎందుకంటే, ఆయుధ వాణిజ్య ఒప్పందాన్ని ఐరాస సర్వసభ్య సభ 2013 ఏప్రిల్ 2న 154 ఓట్లతో ఆమోదించింది. ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా వద్దన్నాయి. తటస్థంగా ఉండిపోయిన 23 దేశాల్లో మనది ఒకటి. 2014 డిసెంబర్ 24 నుంచి అది అమల్లో ఉంది, మనం సంతకం చేయలేదు. కాబట్టి యుద్ధ నేరాలకు వాడతారని తెలిసి అమ్మకూడదనే 6వ అధికరణం గానీ, ముప్పు అంచనా వేసి అనుమతి నిరాకరించమనే 7వ అధికరణం గానీ మన కోర్టులో నేరుగా అక్కరకు రావు. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపమని వేసిన పిల్‌ను సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్ 9న కొట్టేసింది, విదేశాంగ విధానంలో తాము జోక్యం చేసుకోలేమంది. కోర్టుకు వెళ్దామనే ఉత్సాహం మీ బృందంలో ఎవరికైనా ఉంటే ముందు ఆ ఉత్తర్వు చదివించండి.

పట్టు దొరికిన చోట ఏం జరిగిందో చూడండి. 2008 ఏప్రిల్‌లో జింబాబ్వేకు తూటాలు, మోర్టార్లు మోసుకుంటూ ఆన్ యూ జియాంగ్ అనే చైనా ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకొచ్చింది. సరుకు వివరాలు బయటికొచ్చాయి, రవాణా కార్మిక సంఘం సాటావూ ‘మేం దించం’ అంది, ఏప్రిల్ 18న అక్కడి హైకోర్టు ఆ సరుకు దేశం మీదుగా పోకుండా ఆపింది. ఓడ లంగరెత్తి వెళ్లిపోయింది. ఇక 2024 ఫిబ్రవరి 12న హేగ్ అప్పీలు కోర్టు ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాలు ఇజ్రాయెల్‌కు పంపడం 7 రోజుల్లో ఆపమంది. భాగాలు అమెరికావే, కానీ గిడ్డంగి నెదర్లాండ్స్‌లో ఉంది కాబట్టి డచ్ లైసెన్సు ప్రశ్న వచ్చింది. 2025 అక్టోబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును సవరించి, 6 వారాల్లో లైసెన్సును మళ్లీ పరిశీలించమని ప్రభుత్వానికి చెప్పింది. రెండు చోట్లా కేసు నిలబడింది ఫలానా సరుకు, ఫలానా చోటు అని చూపగలిగారు కాబట్టే.

హైదరాబాద్‌లో చూడాల్సినవి కొత్తగా వచ్చిన ఉమ్మడి కంపెనీలు. కల్యాణి–రఫేల్ ప్లాంట్ 2017 ఆగస్టులో మొదలైంది, అదానీ–ఎల్బిట్ డ్రోన్ల ప్లాంట్ 2018 డిసెంబర్‌లో. రఫేల్, ఎల్బిట్ రెండూ ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీలు. మొదలైనప్పుడు రెండింట్లోనూ భారత భాగస్వామి వాటా 51 శాతం, విదేశీ భాగస్వామిది 49. ఈ విదేశీ వాటాయే మీకు కిటికీ. విదేశీ భాగస్వామికి అమ్మిన సరుకు విలువ కంపెనీ వార్షిక లెక్కల్లో ‘రిలేటెడ్ పార్టీ ట్రాన్సాక్షన్స్’ (సంబంధిత సంస్థలతో లావాదేవీలు) అనే నోట్‌లో రావాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీకి ₹100 కట్టి, వార్షిక లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారం దించుకుని, ఆ నోట్ తీయండి. వరుసగా మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెడితే అమ్మకం ఎప్పుడు పెరిగిందో తెలిసిపోతుంది. వార్తల్లో వచ్చే ‘భారీ ఆర్డర్’ కంటే ఈ నోట్‌ను నమ్మండి. లిస్టెడ్ కంపెనీలైతే స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రకటనలూ చూడాలి, కానీ అక్కడ తరచూ ‘విదేశీ కస్టమర్’ అనే ఉంటుంది, దేశం పేరుండదు.

తర్వాత కస్టమ్స్ లెక్కలు. వాణిజ్య శాఖ ట్రేడ్‌స్టాట్‌లో 8 అంకెల కోడ్‌తో, దేశం వారీగా ఎగుమతులు చూడొచ్చు. అందరూ 93వ అధ్యాయం (ఆయుధాలు, మందుగుండు) చూసి ఆగిపోతారు. ట్యాంకులు 8710లో ఉంటాయి, మానవరహిత విమానాలు 2022 నుంచి 8806లో, వాటి విడిభాగాలు 8807లో. 8806లో పొలాల్లో మందు కొట్టే డ్రోన్లూ ఉంటాయి కాబట్టి బరువు చూడాలి: 150 కిలోలు దాటినవి 8806.29లో, 8806.99లో పడతాయి. 8807లో మామూలు ప్రయాణికుల విమానాల భాగాలూ కలుస్తాయి, అందుకే ఆ అంకె ఒక్కటే పట్టుకుని ‘ఆయుధాలు’ అని రాయకండి. అవతలి దేశం దిగుమతి లెక్కతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మన లెక్క ఏప్రిల్–మార్చి, వాళ్లది జనవరి–డిసెంబర్. మనం ఎఫ్‌ఓబీ విలువ (సరుకు ఓడెక్కేవరకు అయిన ధర) రాస్తాం, దిగుమతిదారు రవాణా, బీమా కలిపి సీఐఎఫ్ రాస్తాడు. తేడా కనబడగానే ‘దాచారు’ అని ప్రకటన ఇస్తే మర్నాడే నవ్వులపాలవుతారు. నెలవారీ లెక్కలు తీసి సంవత్సరాన్ని సరిచేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు మాట్లాడండి.

సమాచార హక్కు. మిలిటరీ వస్తువులు స్కోమెట్ (అనుమతి లేకుండా ఎగుమతి చేయకూడని వస్తువుల) జాబితాలో 6వ కేటగిరీ, వాటికి ఎగుమతి అనుమతి ఇచ్చేది రక్షణ శాఖలోని రక్షణ ఉత్పత్తుల విభాగం. దరఖాస్తు అక్కడికే, ఆన్‌లైన్‌లో ₹10 ఫీజు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు వేయకండి, అది చట్టం మినహాయించిన సంస్థల రెండో షెడ్యూల్లో ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావి చట్టం పరిధిలోకి రావు. ప్రైవేటు కంపెనీకి నేరుగా వేయలేం గానీ, ప్రభుత్వం చట్టప్రకారం ఆ కంపెనీ నుంచి తీసుకోగల సమాచారాన్ని 2(ఎఫ్) సెక్షన్ కింద ప్రభుత్వాన్ని అడగొచ్చు.

‘ఆ దేశానికి ఎందుకు అనుమతి ఇచ్చారు’ అని అడిగారో, పని అయిపోయినట్టే. చట్టం రికార్డు ఇస్తుంది, సంజాయిషీ ఇవ్వదు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 6వ కేటగిరీలో ఇచ్చిన, తిరస్కరించిన అనుమతుల సంఖ్య, ఆర్థిక సంవత్సరం వారీగా, దేశం వారీగా, ఉపశీర్షిక వారీగా.’ కంపెనీ పేరు అడగకపోతే వాణిజ్య రహస్యం అనే 8(1)(డి) సాకు బలహీనపడుతుంది. 8(1)(ఎ) దేశ భద్రత సాకు ఎలాగూ వస్తుంది. దానికి మొదటి అప్పీలులో 10వ సెక్షన్ చూపించి, ఇవ్వగలిగిన భాగమైనా వేరుచేసి ఇవ్వమనండి. జవాబుకు 30 రోజులు, మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండో అప్పీలుకు 90 రోజుల గడువు. మొత్తం సంఖ్యలను ప్రభుత్వమే ప్రకటిస్తోంది, 2024–25లో 1,762 అనుమతులు, ₹23,622 కోట్ల ఎగుమతులు అని. మొత్తం చెప్పినవాళ్లు దాన్ని దేశాలవారీగా విడదీయలేరా అన్నదే మీ వాదన.

పార్లమెంటు ప్రశ్న ఇంతకంటే వేగం. లోక్‌సభకు 15 రోజుల ముందు నోటీసు, అన్‌స్టార్డ్ (నక్షత్రం గుర్తు లేని) ప్రశ్న అడిగితే రాతపూర్వక జవాబు. ఎంపీ ఆఫీసులో పీఏ చేతికి ఉపన్యాసం ఇవ్వకండి, అచ్చంగా దిగే నాలుగు వాక్యాల ప్రశ్న ఇవ్వండి.

విదేశాలకు పంపేది ఒక్క పేజీ చాలు: వస్తువు, మోడల్, హెచ్‌ఎస్ కోడ్ (పైన చెప్పిన కస్టమ్స్ కోడ్), ఎగుమతిదారు సీఐఎన్ (కంపెనీ రిజిస్ట్రేషన్) నంబర్, గమ్యం, తేదీలు, పత్రం కాపీ, ఎంత నమ్మకంగా చెప్పగలం అన్నది. మన సరుకులో యూరప్ భాగం ఉందా అన్నది వేరే గడిలో పెట్టండి. భాగం అక్కడిదైతే ఆయుధ ఎగుమతులపై ఈయూ 2008 ఉమ్మడి వైఖరిలోని 8 ప్రమాణాల కింద వాళ్లు తమ ప్రభుత్వాన్ని నిలదీయగలరు. లండన్‌లో 1974 నుంచి ఆయుధ వ్యాపారానికి వ్యతిరేకంగా పనిచేస్తున్న కాట్ (CAAT), అలాంటి యూరప్ సంస్థల కూటమి ఈనాట్ (ENAAT) లాంటివాళ్లకు ఆ గడే కావాలి. హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి రేవు కార్మిక సంఘాలతో పరిచయం వైజాగ్, చెన్నై, ముంబై మిత్రుల పని. 2024 ఫిబ్రవరిలో మన దేశ జలరవాణా కార్మికుల సమాఖ్య, ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధ సరుకు ఎత్తబోమని బహిరంగంగానే చెప్పింది.

డబ్బు మాత్రం వద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ సంస్థ నుంచి కరపత్రాల ఖర్చు కూడా తీసుకోకండి, ‘వాళ్లే నేరుగా ప్రెస్‌కు కట్టారు’ అన్నా తప్పించుకోలేరు. ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసే బంధువుల నుంచి సమాచారం అడగొద్దు, వాళ్ల ఉద్యోగం పోతుంది, మీ మీద 1923 నాటి అధికార రహస్యాల చట్టం పడుతుంది. రక్షణ సంస్థలున్న కంచన్‌బాగ్ వైపు గోడలు, గేట్లు ఫొటో తీయడం కూడా అదే బాపతు. పైన చెప్పినవన్నీ బహిరంగ పత్రాలే, అవి చాలు.

ఇక ఊళ్లో సభ పెట్టేటప్పుడు. కలాం గారు క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా చేసిన ఊరిది, మిధాని, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రక్షణ కంపెనీల జీతాలతో పిల్లల్ని చదివించిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ‘ఆయుధాలు వద్దు’ అని మొదలుపెడితే రెండో నిమిషానికి సరిహద్దు చర్చలోకి వెళ్లిపోతారు, అక్కడి నుంచి వెనక్కి తేలేరు. మన సైన్యానికి చేసేది వేరు, లాభానికి ఎవరికి అమ్ముతున్నామో చెప్పకపోవడం వేరు అని మొదటి వాక్యంలోనే గీత గీయండి. ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌కు పోలీసు అనుమతి కావాలి, రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మొదటిసారైతే మాత్రం ధర్నా కంటే ఒక హాల్లో ముప్పై మందికి ఆ రిలేటెడ్ పార్టీ నోట్ ప్రొజెక్టర్ మీద చూపించడమే నా సలహా.