పగటిపూట కత్తిచేప వేట: ఎర ఎందుకు చుట్టుకుంటోంది, కొరికిన చేప ఎందుకు నిలవడం లేదు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: అమెరికాలోని ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి 28 అడుగుల సొంత బోటులో వెళ్తున్నారు, లైను చుట్టే ఎలక్ట్రిక్ రీలు ఉంది, 1,600 అడుగుల లోతులో వేస్తున్నారు. ఎర ప్రతిసారీ మెయిన్ లైనుకు చుట్టుకుని పైకొస్తోంది. కొరికిన చేప నిలవడం లేదు. పెద్ద రీలు కొనాలా, ఎర మార్చాలా, రెండో రాడ్ కూడా వేయాలా అన్నారు. కొనాల్సింది ఏమీ లేదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ స్టీరింగ్ దగ్గర పుట్టినవే.

కత్తిచేప రాత్రి పైకొచ్చి మేస్తుంది, తెల్లారేసరికి వెలుతురుకు అందనంత కిందికి దిగిపోతుంది. మీ వైపు పగలు 1,400 నుంచి 1,900 అడుగుల నీటిలో, దాదాపు నేలను ఆనుకుని ఉంటుంది. మన బారల్లో చెప్పాలంటే 230 నుంచి 315 దాకా. 2000ల మొదట్లో ఫ్లోరిడా దక్షిణాన ఇస్లమొరాడాలో రిచర్డ్ స్టాన్‌జిక్, విక్ గాస్పెనీ అనే వేటగాళ్లు ఈ పగటి పద్ధతిని నిలబెట్టేదాకా అక్కడ ఇది రాత్రి వేటే. వైజాగ్ హార్బర్లో కొమ్ముకోనాం చూసిన అలవాటుతో దీన్ని అంచనా వేయకండి. అది పైనీటిలో తరిమి పట్టే చేప. ఇది ముందు కత్తితో ఎరను కొడుతుంది, కాసేపు ఆగుతుంది, తర్వాత నోట పెట్టుకుంటుంది. తొందరపడితే పోయేది అక్కడే.

సరంజామా గురించి ఎక్కువ చెప్పను. మెయిన్ లైనుకు 65 లేదా 80 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం), 1,500 గజాలకు తగ్గకుండా. దాని చివర 200 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) 150 అడుగులు, మోనో పై చివర సీసపు బరువును క్లిప్పుతో తగిలించడానికి ఒక లూపు. కింద స్వివెల్ (తిరిగే కొలికి), ఆరేడు అడుగుల 300 పౌండ్ల ముక్క (లీడర్), 10/0 సైజు జె ఆకారపు గాలం. సీసం 10 పౌండ్లు, ప్రవాహం జోరుగా ఉన్న రోజు 12. సీసం దగ్గర ఒక లైటు, ఎరకు కొన్ని అడుగుల పైన ఇంకో చిన్నది. ఆ లోతులో చదరపు అంగుళానికి 700 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి లోతు రేటింగు లేని చౌక లైటు మొదటిసారికే నీళ్లు తాగుతుంది.

ఎరకు స్క్విడ్ చాలు, కానీ బొనీటో (చిన్న ట్యూనా జాతి చేప) పొట్ట ముక్క గట్టిగా నిలుస్తుంది: పది పన్నెండు అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు, తోక వైపు సన్నగా కోసి, మైనపు దారంతో గాలం కాడకు కుట్టాలి. గాలం సరిగ్గా మధ్యగీతలో దిగాలి. ఒక పక్కకు పావు అంగుళం జరిగినా ఎర గిరగిరా తిరుగుతుంది, కిందికి వెళ్లేసరికి లీడర్ మొత్తం మెలిపడుతుంది. బోటు పక్కన నీళ్లలో లాగి చూడండి. తిరిగితే విప్పి మళ్లీ కుట్టడమే, ‘పర్లేదులే’ అనుకోవద్దు.

ఇక చిక్కు. బోటు ఆపేసి సీసం వదిలితే అది రాయిలా దిగుతుంది, తేలికైన ఎర వెనకబడి మెయిన్ లైను చుట్టూ తిరుగుతుంది. అందుకే బోటు నెమ్మదిగా ముందుకు కదులుతుండగా మొదట ఎరను వెనక వదలండి. 150 అడుగుల మోనో సాగిపోయి బిగిశాకే సీసం తగిలించండి. అప్పుడు కూడా గేరు తీయకండి. బొటనవేలితోనో డ్రాగ్‌తోనో (రీలు బ్రేకు) స్పూలును కాస్త అదుపు చేస్తూ దించండి. దిగడానికి సుమారు ఐదు నిమిషాలు పడుతుంది. మూడు నాట్ల ప్రవాహంలో ఆ వ్యవధిలో పావు నాటికల్ మైలు ఉత్తరానికి కొట్టుకుపోతారు కాబట్టి, మీరు గుర్తుపెట్టుకున్న చోటికి ఆపాటి దక్షిణంగా మొదలుపెట్టాలి.

సీసం నేలకు తగలగానే బోటు ముక్కు దక్షిణానికి, అంటే ఉత్తరానికి పారే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహానికి ఎదురుగా తిప్పి, గేరు వేస్తూ తీస్తూ లైనును నిట్టనిలువుగా పట్టాలి. పైనీటి వేగానికీ అడుగునీటి వేగానికీ పొంతన ఉండదు. బోటును వదిలేస్తే పైనీరు దాన్ని తీసుకుపోతుంది, సీసం వెనక ఉండిపోతుంది. లైను కౌంటరు చూడండి: 1,600 అడుగుల నీటిలో 2,200 అడుగుల లైను బయట ఉందంటే అది నలభై డిగ్రీలు దాటి వాలింది. ఆ వాలులో చేప కొట్టినా రాడ్ కొనకు కబురు రాదు. నేల తగిలాక 50 నుంచి 100 అడుగులు పైకి చుట్టి, కొద్ది నిమిషాలకోసారి మళ్లీ నేల తాకించి చూడాలి, లోతు మారుతూనే ఉంటుంది కదా. ఉత్తరపు గాలి 15 నాట్లు దాటిన రోజు 28 అడుగుల బోటుతో వెళ్లకపోవడం మేలు. ప్రవాహానికి ఎదురు గాలి తగిలి అలలు గోడల్లా లేస్తాయి.

కాటు. అలకు రాడ్ కొన ఒక లయలో ఊగుతుంటుంది. ఆ లయ తప్పి టక్కుమని చిన్నగా అదిరితే అది చేపే. గాలం గుంజొద్దు. పదిహేను ఇరవై అడుగులు మెల్లగా చుట్టండి. ఏమీ లేకపోతే ముప్పై అడుగులు వదిలి ఆగండి. బరువు ఆనగానే బోటు ముందుకు నడుపుతూ చుట్టాలి. మీ చేపలు పోయింది బహుశా దీని తర్వాతి ఘట్టంలో: కొన ఉన్నట్టుండి నిటారుగా లేచి లైను వదులైతే ‘తప్పించుకుంది’ అని ఆపేస్తారు. చాలాసార్లు అది సీసంతో సహా పైకి ఈదుతోందన్నమాట. రీలు పూర్తి వేగంలో చుట్టండి, బోటు ఆపకండి. దీని నోరు మెత్తన. డ్రాగ్ 12 పౌండ్ల దగ్గర మొదలుపెట్టండి, 20 దాటనివ్వకండి, ఎందుకంటే నీటిలో ఉన్న అంత లైనూ తనవంతు లాగుతూనే ఉంటుంది.

సీసం పైకి రాగానే బోటు కదులుతుండగానే విప్పేయాలి, లేకపోతే అది ఊగి ఊగి గాలం పుండును పెద్దది చేస్తుంది. ఆ తర్వాత చేప మళ్లీ కిందికి దిగడం మామూలే. పక్కకు వచ్చాక డార్ట్ హార్పూన్ (తాడు కట్టిన బల్లెం), తర్వాత గాఫ్ (కొక్కెం కర్ర). గాలానికి పడ్డ చేపను లొంగదీయడానికే హార్పూన్ వాడొచ్చు, నేరుగా దానితో వేటాడటానికి మీకు కావాల్సిన పర్మిట్ ఒప్పుకోదు. బతికున్న చేప కత్తి దగ్గరికి ఎవరి మొహమూ పోకూడదు.

పర్మిట్ అంటే అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోఆ (NOAA) ఇచ్చే హెచ్‌ఎంఎస్ (దూరాలకు వలసపోయే చేపల) యాంగ్లింగ్ పర్మిట్. మనిషికి కాదు, బోటుకి. కింది దవడ కొన నుంచి తోక చీలిక దాకా 47 అంగుళాలు ఉండాలి. మనిషికి ఒకటి, సొంత బోటుకు ట్రిప్పుకు నాలుగుకు మించకూడదు. చేపను ఒడ్డుకు చేర్చిన 24 గంటల్లో రిపోర్టు చేయాలి, అమ్మకూడదు. ఇంటికి తెచ్చాక గర్భిణులకూ చిన్నపిల్లలకూ పెట్టకండి, పాదరసం ఎక్కువ.

రెండో రాడ్ ఇప్పుడే వద్దు. ఒక లైను నిలువుగా ఉంటేనే రెండోదాన్ని బోయా కట్టి దూరంగా వదిలి, రెంటినీ కలవకుండా నడపగలుగుతారు. ఇప్పుడున్న స్థితిలో వేస్తే 3,000 అడుగులకు పైగా లైను ఒకే ముడిగా పైకొస్తుంది, దాన్ని కోసి పారేయడం తప్ప దారి ఉండదు.