లండన్‌లో అద్దెకు చిరునామా

సంక్రాంతి సెలవులకు గుంటూరు వచ్చిన మర్నాడే బ్రాడీపేటలో మా మేనమామ గారి వరండాలో తండ్రీ కొడుకులు నా కోసం కాచుకుని కూర్చున్నారు. తండ్రికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. కొడుకు సెప్టెంబరులో లండన్‌కు చదువుకు వెళ్తున్నాడు. "బాబాయ్, నెలకు కొద్ది పౌండ్లు కడితే లండన్ నడిబొడ్డున ఆఫీసు ఇస్తారట. కంపెనీ పెట్టి మన కారం, పచ్చళ్లు అమ్ముదామని" అంటూ ఫోనులో ఒక గాజు భవనం చూపించాడు.

ముందుగా చేదు మాటే చెప్పాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు సొంత వ్యాపారం చేయకూడదు. వారానికి ఇన్ని గంటలని ఉద్యోగం చేసుకోనిస్తారే గాని వ్యాపారానికి అనుమతి లేదు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా వస్తే అప్పుడు చేసుకోవచ్చు. కుర్రాడి ముఖం వాడిపోయింది. పెద్దాయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన గుంటూరులో ఉంటూనే అక్కడ కంపెనీకి డైరెక్టరు కావచ్చు మరి.

ఆ ఫొటోలోని భవనంలో మీకు గది ఉండదండీ, చిరునామా మాత్రమే ఉంటుంది అన్నాను. అదే వర్చువల్ ఆఫీసు. ఉత్తరాలు తీసుకుంటారు, ఇంకాస్త కడితే మీ కంపెనీ పేరు చెప్పి ఫోను ఎత్తుతారు. సర్వీస్డ్ ఆఫీసు వేరు. బల్ల, కుర్చీ, ఇంటర్నెట్టు, ఊడ్చే మనిషి అన్నీ కలిపి నెలవారీ అద్దెకు ఇస్తారు. 1989లో బ్రస్సెల్స్‌లో మొదలైన రీజస్ అనే సంస్థ ఈ పద్ధతిని ఊరూరా తీసుకెళ్లింది.

చౌక చిరునామా దగ్గర నేను దెబ్బ తిన్నాను. లండన్‌లో వ్యాపారం పెట్టిన మొదటి ఏడాది అక్కడి హోబర్న్ పేట దగ్గర ఒకచోట కుదుర్చుకున్నాను. వాళ్లు ఉత్తరాలన్నీ పోగేసి, రబ్బరు బ్యాండు వేసి, తీరిక చిక్కినప్పుడు పంపేవారు. ఒకసారి కట్టలో అడుగున గోధుమరంగు కవరు కనిపించింది. పన్నుల శాఖది. దాని మీద తేదీకి, నా చేతికి అందిన రోజుకు మధ్య పంతొమ్మిది రోజులు. అపరాధ రుసుము నేను కట్టాను, వాళ్లు కాదు. ఇప్పుడైతే చట్టమూ గట్టిపడింది. 2024 మార్చి 4 నుంచి కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు వచ్చిన ఉత్తరం కంపెనీ తరఫు మనిషి చేతికి అందే ఏర్పాటు ఉండాలి. వట్టి పోస్టు బాక్సు చెల్లదు. కాబట్టి ధర అడిగే ముందు అడగవలసింది ఒకటే: ఉత్తరం వచ్చిన రోజే స్కాన్ చేసి పంపుతారా, ఒక్కోదానికి ఎంత?

పాస్‌పోర్టు, ఇంటి చిరునామా రుజువు అడగకుండా డబ్బు కట్టించుకునే చోటికి వెళ్లకండి. నల్లధనం చట్టాల కింద వాళ్లు మిమ్మల్ని విచారించి తీరాలి. మన దగ్గర జీఎస్టీకి కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం అడిగినట్టే అక్కడ వ్యాట్ దరఖాస్తులో వ్యాపారం నిజంగా ఎక్కడ నడుస్తోందో చెప్పాలి. అద్దె చిరునామా రాసి ఊరుకుంటే ఎదురు ప్రశ్నలు వస్తాయి.

బల్ల అద్దెకు తీసుకుంటే చెప్పిన ధర మీద ఇరవై శాతం వ్యాట్ పడుతుంది. సమావేశం గది గంటకింత, కొన్నిచోట్ల అందులో తాగే టీ కూడా లెక్కే. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో చూస్తే చాలదు, ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలో చూడాలి. ఆ గడువు దాటితే దానంతటదే పొడిగింపు అయ్యే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

పెద్దాయన అన్నీ విని, "గుమ్మం మీద మన బోర్డు పెట్టనిస్తారా?" అన్నారు.

పెట్టనివ్వరు. లండన్‌లోనే ఈస్ట్‌హామ్ నుంచి పచారీ కొట్టాయన ఒకసారి నన్ను వెతుక్కుంటూ ఆ హోబర్న్ భవనానికి వచ్చాడు. రిసెప్షన్‌లో అమ్మాయి నా పేరు మూడు రకాలుగా పలికి, ఇక్కడ అలాంటివారెవరూ కూర్చోరని నవ్వుతూ చెప్పిందట. ఆ సరుకు ఆర్డరు మళ్లీ రాలేదు. అందుకే కొనుగోలుదారు వస్తానన్న రోజున గంటల లెక్కన గది తీసుకుని, మీరే ముందు వెళ్లి తలుపు దగ్గర నిలబడండి అన్నాను.

ఆయన జేబులోంచి యార్డు చీటీ తీసి, వెనకవైపు "ఉత్తరాలు – ఏ రోజు?" అని రాసుకున్నారు.