స్టేజీ ఫొటోల్లో డాన్సర్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఎందుకొస్తుంది?

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఫ్రేమంతా సగటు చూసి, వెనకున్న చీకటిని కూడా వెలిగించబోయి ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) పెంచేస్తుంది కాబట్టి. నల్ల తెర నల్లగానే ఉండాలని దానికి తెలియదు; దేన్నయినా మధ్యస్థ బూడిదరంగుకి లాగడమే దాని పని. ఆ పెంపంతా స్పాట్‌లైట్‌లో ఉన్న ముఖం మీద పడుతుంది.

ఉదాహరణకు, ఫ్రేములో ముప్పావు వంతు నల్ల తెరే ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మనం సవరించే +/- సెట్టింగ్) -1, -2 స్టాప్‌ల మధ్యకి దించండి; ఒక్కో స్టాప్ దించితే వెలుగు సగమవుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే స్పాట్ మీటరింగ్‌తో (ఒక చిన్న చోట మాత్రమే కొలిచే పద్ధతి) వెలుగు పడిన చెంప దగ్గర కొలిచి, లైట్లు మారనంతసేపు మాన్యువల్‌లో అదే ఉంచండి.

ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) తగ్గిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అపర్చర్ ప్రయారిటీలో (లెన్స్ రంధ్రం సైజు మనం పెడితే షట్టర్ వేగం కెమెరా ఎంచుకునే మోడ్) అది పనిచేయదు: ఐఎస్ఓ 3200 నుంచి 1600కి దించితే కెమెరా షట్టర్‌ని 1/500 నుంచి 1/250కి నెమ్మది చేసి లెక్క సరిచేసుకుంటుంది. ముఖం తెల్లగానే ఉంటుంది, పైగా తిరిగే చేతివేళ్లు అలుక్కుపోతాయి.