ఇరుకు బానెట్ కింద ఆల్టర్నేటర్ మార్చబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

నీ 2005 అకార్డ్‌లో బ్యాటరీ లైటు వెలుగుతోందనీ, డాలస్‌లో షాపువాళ్లు చెప్పిన రేటు విని నువ్వే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) మార్చేద్దామనుకుంటున్నావనీ అమ్మ చెప్పింది. చేయగలిగిన పనే అల్లుడూ, సందేహం అక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆటోనగర్‌లో కార్ల కరెంటు పనే చేస్తున్నవాణ్ణి కాబట్టి ముందే చెప్తున్నాను, ఇందులో కష్టమంతా చోటు దగ్గరే ఉంది. విప్పాల్సినవి చూస్తే ఒక బెల్టు, ఒక ప్లగ్గు, ఒక లావు తీగ, ఆల్టర్నేటర్‌ని పట్టుకున్న బోల్టులు. అంతే. కానీ మీ నాలుగు సిలిండర్ల అకార్డ్‌లో అది ఇంజన్ ముందు వైపు, పవర్ స్టీరింగ్ పంపు కింద, రేడియేటర్‌కి ఆనుకున్నట్టు కూర్చుని ఉంటుంది. చోటు లేదని చెయ్యి దూర్చి బలవంతం చేసేవాళ్లే వేళ్లు చీరుకుంటారు, ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొడతారు. అడ్డొచ్చినదాన్ని విప్పి పక్కన పెట్టడానికి పట్టే పావుగంటని దండగ అనుకోకు. మిగతా సలహాలన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకో.

విప్పేముందు అసలు పోయింది ఆల్టర్నేటరేనా అన్నది తేల్చుకోవాలి. బాగున్నవాటిని తీసి పారేసి, కొత్తది బిగించాక కూడా లైటు ఆరక తల పట్టుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కో, చవకదైనా చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేశాక అది 13.5 నుంచి 14.8 మధ్యకు ఎక్కాలి. ఎక్కలేదు కదా అని వెంటనే తీర్పు చెప్పెయ్యకు. ఆ కాలం హోండాల్లో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే నడిపిస్తుంది. ఇంజన్ వేడెక్కి, ఏసీ, లైట్లు ఆపి ఉంటే పెట్రోలు ఆదా కోసం ఛార్జింగ్‌ని కావాలనే 12.4, 12.9 మధ్యకు దించేస్తుంది. ఈ సంగతి తెలియనివాడు మీటర్ చూసి ఆల్టర్నేటర్ చచ్చిపోయిందనుకుంటాడు. అందుకే హెడ్‌లైట్లు వెయ్యి, ఏసీ బ్లోయర్ గట్టిగా పెట్టు, వెనక అద్దం హీటర్ కూడా వెయ్యి. అప్పుడు చూడు. 14 దాటితే ఆల్టర్నేటర్ బతికే ఉంది. అంత లోడు మీద కూడా 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే అనుమానం గట్టిపడినట్టే.

అప్పుడు కూడా ఇంకో మూడు చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందేమో, బెల్టు వదులై జారుతోందేమో, బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో పెద్ద ఫ్యూజు మాడిందేమో. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసే ఉంచి, మీటర్ ఒక కొస ఆల్టర్నేటర్ లావు తీగ నట్టుకీ రెండో కొస బ్యాటరీ ప్లస్‌కీ పెడితే అర వోల్టు కంటే ఎక్కువ చూపించకూడదు. చూపిస్తే తప్పు తీగలోనో జాయింట్‌లోనో ఉంది. ఈ కొలత తీసేటప్పుడు తిరిగే బెల్టుకి చేతులు, చొక్కా చేతులు దూరంగా ఉంచు. అందనంత ఇరుకుగా ఉంటే మానెయ్యి, పరవాలేదు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూడమని ఎవరైనా చెప్తే వినకు. పాత అంబాసిడర్ల కాలంలో అలా చూసేవారు. ఇప్పటి బండిలో అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి బండి కంప్యూటర్‌నే తినేయొచ్చు.

మా దగ్గరైతే పాతదాన్నే బల్ల మీద పెట్టి విప్పుతాం. బ్రష్‌లు అరిగితే బ్రష్‌లు, బేరింగ్ మోగితే బేరింగు, డయోడ్లు పోతే డయోడ్లు మార్చి సాయంత్రానికి బండి పంపేస్తాం. నాకు ఇప్పటికీ ఆ పద్ధతే ఇష్టం, వస్తువు బాగుపడుతుంటే చూడ్డంలో తృప్తి ఉంది. కానీ అక్కడ మనిషి గంట ఖరీదు వేరు. నువ్వైతే రీబిల్ట్ ఆల్టర్నేటర్, అంటే పాతదాన్నే కంపెనీవాళ్లు బాగుచేసి అమ్మేది, కొనుక్కోవడమే నయం. పాతది తిరిగిచ్చేదాకా కోర్ ఛార్జ్ అని కొంత డబ్బు పట్టి ఉంచుతారు, పాతది పారెయ్యకు. మరీ చవకదాని జోలికి పోకు. మళ్లీ ఆ ఇరుకులో రెండోసారి చెయ్యి పెట్టాల్సి వస్తుంది. డెన్సో లాంటి పేరున్న కంపెనీ రీబిల్ట్ చేసి అమ్మేది దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా తీసుకో. కౌంటర్ దగ్గరే టెస్ట్ మిషన్ మీద పెట్టి చూపించమని అడుగు, చాలా షాపుల్లో ఊరికే చేస్తారు. అలాగే టార్క్ రెంచి (బోల్టుని కొలిచినంత బలంతో బిగించే పానా), బెల్టు విప్పే పొడుగు పానా కొనక్కర్లేదు, డిపాజిట్ కట్టించుకుని అరువిచ్చే షాపులున్నాయి. బెల్టు పగుళ్లిచ్చినా, నున్నగా మెరుస్తున్నా కొత్తది తెచ్చెయ్యి. ఎలాగూ విప్పుతున్నావు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి పని చేసుకోనివ్వరని విన్నాను, నీ లీజు కాగితం ఒకసారి చూడు. వీలైతే సొంతిల్లున్న స్నేహితుడి డ్రైవ్‌వేలో, శనివారం పొద్దున్నే మొదలుపెట్టు. మధ్యలో ఏదో మర్చిపోయానని షాపుకి పరిగెత్తాల్సి వస్తుంది, కాబట్టి అతని బండి అందుబాటులో ఉండాలి. మర్నాడు ఆఫీసు పెట్టుకుని ముందురోజు సాయంత్రం మొదలుపెడితే టెన్షన్‌లో చేతులు తొందరపడతాయి. ముందు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచు. బెల్టు మీద పడకుండా చూడు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. తలకి కట్టుకునే లైటు ఒకటి ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

చేతికున్న ఉంగరం, వాచీ, కడియం తీసి జేబులో వేసుకో. తర్వాత మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి వంచు. దీనికి మినహాయింపు లేదు. ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు తీగ నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి వస్తుంది, తాళం తీసినా అందులో కరెంటు అలాగే ఉంటుంది. ఆ నట్టు మీద పానా పెట్టినప్పుడు రెండో కొస ఇంజన్‌కి తగిలితే నిప్పులు చిమ్ముతాయి. మధ్యలో ఉంగరం ఉందంటే వేలు కాలిపోతుంది. తీగ తీశాక రేడియో కోడ్ అడగొచ్చు. బండి పుస్తకంతో వచ్చే చిన్న కార్డు మీద ఆ కోడ్ ఉంటుంది, ముందే వెతికి పెట్టుకో.

బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతోందో ఫోటో తియ్యి, ఒక కాగితం మీద గీసుకో కూడా. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కి స్ప్రింగు బలంగా ఉంటుంది. పొడుగు పానాతో నెమ్మదిగా తిప్పి, రెండో చేత్తో బెల్టుని నున్నటి పుల్లీ మీంచి జార్చు. వేళ్లు బెల్టుకీ పుల్లీకీ మధ్య పెట్టొద్దు.

ఇప్పుడు చోటు చేసుకోవాలి. పవర్ స్టీరింగ్ పంపు బోల్టులు విప్పి, పైపులు విప్పకుండానే మొత్తంగా పైకి లేపి పక్కకి జరిపి తాడుతో కట్టు. నిలువుగానే ఉండాలి. పైపులు ఊడదీస్తే ఆయిల్ కారుతుంది, గాలి చేరుతుంది, ఆ ఆయిల్ కూడా హోండాదే పొయ్యాలి. తర్వాత ఒక గట్టి అట్టముక్క తీసుకుని రేడియేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య నిలబెట్టు. రేడియేటర్ రెక్కలు వేలితో నొక్కినా వంగిపోయేంత పల్చన. ఆల్టర్నేటర్ మూల తగిలి గొట్టం చిల్లుపడితే పని రెండింతలవుతుంది. అప్పటికీ చెయ్యి ఆడకపోతే రేడియేటర్ ఫ్యాన్ విప్పి పైకి తియ్యి, అరచేయి పట్టేంత చోటు వస్తుంది.

ప్లగ్గు దగ్గర ఓపిక కావాలి. ఇన్నేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ ఎండి పెళుసుగా మారి ఉంటుంది. గొళ్లెం నొక్కి పట్టి, ప్లగ్గు ఒంటిని పట్టుకుని లాగాలి, తీగలు పట్టుకుని లాగకూడదు. లావు తీగ మీది రబ్బరు టోపీ వెనక్కి మడిచి నట్టు విప్పు. ఆ నట్టు చిన్నది, కింద పడితే అడుగునున్న ప్లాస్టిక్ రేకులో దాక్కుంటుంది. అయస్కాంతం కొస ఉన్న కర్ర ఒకటి దగ్గర పెట్టుకో.

జపాను బండ్లలో ఈ బోల్టుల తలలు మామూలుగా 12, 14 మిల్లీమీటర్ల సైజుల్లో ఉంటాయి. తలకిందులుగా వంగి, కనపడని బోల్టుని చేత్తో తడుముతున్నప్పుడు ఎటు తిప్పితే వదులవుతుందో ఎవరికైనా తికమకే. బోల్టు తల ఎటు చూస్తోందో అటు నుంచి నువ్వు దాన్ని చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లు తిరిగే దిశకి వ్యతిరేకంగా తిప్పు. తప్పు వైపు బలం పెడితే బోల్టు విరుగుతుంది. పొడుగు బోల్టు బయటికి లాగే దారిలో బాడీ అడ్డొస్తుందేమో ముందే చూసుకో.

బోల్టులు తీసినా ఆల్టర్నేటర్ కదలకపోవచ్చు. అప్పుడు కంగారుపడకు. బోల్టులు దూరే దాని చెవుల్లో ఒకదానికి ఇనప బుష్ (చిన్న గొట్టం ముక్క) ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది జరిగి బ్రాకెట్‌ని కరిచిపట్టుకుంటుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. చిన్న కడ్డీ పెట్టి అటోసారి ఇటోసారి కొద్దికొద్దిగా ఎత్తుతూ పో. ఇనుము మీద ఆనించి ఎత్తాలి తప్ప అల్యూమినియం ఒంటి మీద బలం పెడితే పగులుతుంది. ఆరు కిలోల దాకా బరువుంటుంది, ఊడగానే ఒక్కసారిగా జారుతుంది, కింద చెయ్యి సిద్ధంగా ఉంచు. నిలువుగా రాకపోతే పుల్లీ పైకి వచ్చేలా తిప్పి చూడు.

బయటికి వచ్చాక పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పుల్లీ గాళ్లు, ప్లగ్గు ఆకారం, చెవుల మధ్య దూరం, బోల్టు బెజ్జాలు సరిచూడు. తేడా ఏమాత్రం ఉన్నా అప్పుడే వెనక్కి పట్టుకెళ్లు. ఇంకో పని చెయ్యి, చాలామంది ఇది వదిలేస్తారు. కొత్తదాని బుష్‌ని సుత్తితో మెల్లగా తట్టి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుపు. అప్పుడు బ్రాకెట్‌లోకి సులువుగా దిగుతుంది. లేకపోతే ఆ ఇరుకులో ఆరు కిలోలు ఒక చేత్తో మోస్తూ రెండో చేత్తో బోల్టు బెజ్జం వెతుక్కోవడం నరకం.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు వేళ్లతో నాలుగు చుట్లు ఎక్కాలి, తర్వాతే పానా. లావు తీగ నట్టు వదులుగా ఉంటే వేడెక్కి కాలిపోతుంది, అతిగా బిగిస్తే ఆ నట్టు ఎక్కే స్టడ్డు తెగుతుంది. సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) ఎంతో చూసి అంతే బిగించు. బెల్టు వేశాక ప్రతి పుల్లీ మీదా గాళ్లలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడుము. కనపడని చోట ఫోన్ కెమెరా పెట్టి చూడు. ఒక్క గాడి పక్కకి జరిగినా కొద్ది దూరంలోనే బెల్టు చిరిగిపోతుంది.

బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే ముందు ఛార్జర్ పెట్టి నింపు. చచ్చిన బ్యాటరీని నింపే భారమంతా కొత్త ఆల్టర్నేటర్ మీద పెడితే అది అతిగా వేడెక్కుతుంది. నెగటివ్ తీగ అన్నిటికంటే చివర తగిలించు. స్టార్ట్ చేశాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే భయపడకు, ఏసీ, లైట్లు ఆపి ఇంజన్‌ని బాగా వేడెక్కనివ్వు. తర్వాత లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి మీటర్ చూడు. 14 దాటి నిలబడి, లైటు ఆరి, బెల్టు కీచుమనకపోతే పని అయినట్టే. కాలిన వాసన వస్తే వెంటనే ఆపి లావు తీగ నట్టు చూడు.

ఎక్కడైనా బోల్టు తల అరగడం మొదలైతే అక్కడే ఆగిపో. మెకానిక్‌ని ఇంటికే పిలిపించుకో, అందులో నామోషీ ఏమీ లేదు. కింది నుంచి చెయ్యి పెట్టాల్సి వస్తే ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరకు, స్టాండ్లు వేసి తీరాలి. మీ అత్తయ్య కూడా ఈ మాట నొక్కి రాయమంది.

పార్ట్ కొనేముందు, లైట్లన్నీ వేసి తీసిన మీటర్ ఫోటో నాకు పంపు. మీకు రాత్రి అయితే నాకు పొద్దున్న, షెడ్డు తెరిచేలోపు చూసి చెప్తాను.

మీ మావయ్య
విజయవాడ